బరువు మోపక బలము తెలియదు
(తుడియలూరు పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున మాట్లాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరినప్పుడు, భాషాభిమానమును గూర్చియో పూర్వుల వలస చరిత్రను గూర్చియో మేము చెప్పుదుమని వారు తలచియుందురు. ఆ విషయములు చెప్పుటకు మాకంటె పెద్దలు కలరు. మా జీవితమంతయు మోటార్ల నడుమ గడచినది. కావున మాకు తెలిసిన దానినే చెప్పెదము. మోటారునకు తిప్పుటయే పని యని మనమందరము ఎరుగుదుము. ఆ మోటారునే మరియొక మోటారును ఆపుటకు, అదియు మనము కోరినంత మేరకే ఆపుటకు, ఎట్లు వాడవచ్చునో, అది మన కోయంబత్తూరు ప్రాంతపు రైతునకు, కార్మికునకు ఏల ముఖ్యమో వివరింపదలచితిమి. తిప్పునది ఆపుటయేమి యని మీకు వింతగా తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది.

మొదట ఒక అనుభవము చెప్పెదము. పని నేర్చుకొను దినములలో మేము ఒక చిన్న మోటారు కర్మాగారమున పరీక్షావిభాగమునందు ఉంటిమి. దాని పేరుతో మనకు పనిలేదు. అచ్చట పరీక్ష యనగా తయారైన మోటారును బల్లపై నుంచి, విద్యుత్తు నిచ్చి, పది నిమిషములు ఊరక తిప్పుట. శబ్దము లేకున్న, బేరింగు వేడెక్కకున్న, మోటారుపై ముద్ర వేయుట. అట్లు ముద్ర వేసి పంపిన ఐదు అశ్వశక్తుల మోటారొకటి నెల తిరుగకమునుపే కాలిపోయి తిరిగివచ్చినది. దానిని తెచ్చిన రైతు మన తెలుగువాడే. వయస్సు చెల్లిన పెద్దమనిషి. ఎండకాలమున బావినీరు అందక అరటితోట వాడిపోయినదట. ఆయన కోపపడలేదు. మా వంక చూచి, "ఏం నాయనా, బావిలోకి దించకముందు దీనిచేత పని చేయించి చూస్తిరా, లేక ఊరికే తిప్పి చూస్తిరా?" అని యడిగెను.

మేము తల వంచుకొంటిమి. సమాధానము లేదు. ఆ ప్రశ్నయే మమ్ము ఇంతకాలము ఈ వృత్తిలో నడిపించినది. నేటి మా ప్రసంగమంతయు ఆ ఒక్క ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమే.

మన ప్రాంతమునకు మోటారు ఎట్లు వచ్చినదో కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. మన తాతల కాలమున ఇచ్చటి బావులనుండి నీరు కపిలతో తోడెడివారు. దానినే ఇచ్చటి తమిళులు కవలై యందురు. ఎద్దులు ఏటవాలు దారిని దిగుచు లాగగా, తోలుబాన నీటితో పైకి వచ్చెడిది. 1930ల ఆరంభమున నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించినది. ఆ విద్యుత్తు చౌకగా లభించుటచేత నూలుమిల్లులు పెరిగినవి, బావులపై మోటార్లు వెలసినవి. 1937లో పీళమేడులోని జి. డి. నాయుడుగారి న్యూ ఎలక్ట్రిక్ వర్క్సునందు డి. బాలసుందరం నాయుడుగారి కృషితో మన దేశపు తొలి స్వదేశీ మోటారు వెలువడినది. బాలసుందరం నాయుడుగారు పిమ్మట టెక్స్‌టూల్ సంస్థను స్థాపించిరి. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు తెలుగు మాట్లాడు కుటుంబమునకు చెందినవారు. ఇది మనము గర్వముతో చెప్పుకొను విషయమే. కాని గర్వపడుటతో మన పని తీరదు. మోటారు చేయుట ఒక విద్య, చేసిన మోటారు మాట నిలుపుకొనునా యని పరీక్షించుట మరియొక విద్య. రెండవదానిని గూర్చియే మేము చెప్పుచున్నాము.

ఊరక తిప్పిన మోటారు సత్యము చెప్పదు. ఏలయన, మన బావులపై నుండు మోటార్లలో స్టేటరు అను నిలుకడ భాగమునందు విద్యుత్తు ప్రవహించి, గుండ్రముగ తిరుగు అయస్కాంతక్షేత్రమును పుట్టించును. ఆ క్షేత్రము 50 సైకిళ్ల విద్యుత్తుతో నాలుగు ధ్రువముల మోటారునందు నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. లోపలి రోటరు దానిని వెన్నంటి తిరుగును. బరువు లేనప్పుడు రోటరు దాదాపు క్షేత్రముతో సమానముగనే పరుగిడును. అప్పుడు రోటరులోని అల్యూమినియపు కడ్డీలలో విద్యుత్తు దాదాపు ఉండదు. బరువు మోపగానే రోటరు కొంచెము వెనుకబడును. నిండు బరువున 1500కు బదులు సుమారు 1440 చుట్లు తిరుగును. ఆ వెనుకబాటువలననే కడ్డీలలో విద్యుత్తు పుట్టును, బలము పుట్టును, వేడియు పుట్టును.

మా ముద్రతో పోయిన మోటారు రోటరులో పోతపోసినప్పుడు కడ్డీల నడుమ బోలు ఏర్పడియున్నది. ఊరక తిరుగునప్పుడు కడ్డీలలో విద్యుత్తే లేదు గనుక ఆ లోపము బయటపడలేదు. బావిలో నిజమైన పని పడగానే బయటపడినది. కాని అప్పటికి నష్టపడినది రైతు, మేము కాదు.

కావున మోటారునకు కర్మాగారమునందే నిజమైన బరువు మోపవలెను. అదియు ఒకే బరువు కాదు. పావు, సగము, ముప్పావు, నిండు, నిండునకు మించి కొంచెము, ఇట్లు క్రమముగా మోపి, ప్రతి మెట్టునందును అది తీసికొను విద్యుత్తును, తిరుగు వేగమును, ఇచ్చు బలమును కొలువవలెను. నిండు బరువుపై గంటల తరబడి నడిపి, వేడి ఎంతవరకు పెరిగి నిలుకడపడునో చూడవలెను. ఈ బరువును ఎచ్చటనుండి తెత్తుము? ప్రతి మోటారును బావిలోనికి దించి చూడలేము గదా!

మొదటి ఉపాయము త్రాటి బ్రేకు. మోటారు ఇరుసునకు ఒక డ్రమ్ము బిగించి, దానిపై త్రాడు చుట్టి, ఒక కొనకు బరువును, వేరొక కొనకు స్ప్రింగు త్రాసును కట్టుదురు. త్రాడు ఒరసికొని డ్రమ్మును ఆపజూచును. మోటారు దానిని గెలిచి తిరుగును. ఇట్లు ఒరపిడితో యంత్రబలము కొలుచు పద్ధతిని ఫ్రాన్సు దేశపు ప్రోనీ అను ఇంజనీరు 1821లో కనిపెట్టెను. నేటికిని కళాశాలల ప్రయోగశాలలలో ఇది కనబడును.

దీని చిక్కు వేడి. నిండిన బిందెను బావిలోనికి చేంతాడు జారవిడుచుచు దించినచో అరచేయి కాలుట మన స్త్రీలందరును ఎరుగుదురు. బిందె దిగుటలోని శక్తి త్రాటి ఒరపిడిచే వేడిగా మారినది. ఐదు అశ్వశక్తులనగా 3,730 వాట్లు. అంత శక్తియు వేడియై డ్రమ్ముపై పడును. డ్రమ్ములో పది లీటర్ల నీరు పోసి చల్లార్చిన యెడల, ఆ నీరు 30 డిగ్రీలనుండి సుమారు 13 నిమిషములలో మరుగుట కారంభించును. త్రాడు కాలును, జారును, బిగియును. ఒకసారి వచ్చిన లెక్క మరుసారి రాదు. కోరిన బరువును గంటసేపు కదలకుండ నిలుపుట దుర్లభము. మన తుడియలూరు మీదుగ మేట్టుపాళయమునకు పోవు రైలుమార్గము అచ్చటనుండి కొండయెక్కి ఉదకమండలమునకు పోవును గదా. 12 అడుగులకు ఒక అడుగు వంతున లేచు ఆ వాలుమీద, ప్రతి పెట్టెకును ఒక బ్రేకుమనిషి నిలిచియుండుట మీరు చూచియుందురు. ఒరపిడి బ్రేకునకు అంతటి కాపలా కావలెను.

ఇక మా విషయమునకు వచ్చుచున్నాము. ఒరపిడి లేకుండ ఆపుట ఎట్లు? ఇంటికి పోయిన పిమ్మట మీ పిల్లలతో ఒక చిన్న పరీక్ష చేయించుడు. ఆటబొమ్మలలో నుండు, బ్యాటరీతో నడుచు చిన్న మోటారును తీసికొనుడు. బ్యాటరీ తీసివేసి, ఇరుసును వ్రేళ్లతో తిప్పుడు. సులభముగా తిరుగును. పిమ్మట దాని రెండు తీగల కొనలను ఒకదానితో నొకటి కలిపి మరల తిప్పుడు. ఈసారి బిగువుగా తోచును. ఎంత వేగముగ తిప్పజూచిన అంత గట్టిగా ఎదురు నిలుచును. లోపల ఏమియు ఒరసికొనలేదు. తీగలు విడదీసిన మరల సులభమగును. ఇంటి విద్యుత్తుతో మాత్రము ఈ ఆట ఎన్నటికిని ఆడరాదని పిల్లలకు గట్టిగా చెప్పుడు.

జరిగినదేమి? అయస్కాంతము నడుమ తీగచుట్టను తిప్పినచో దానిలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొనెను. అట్లు పుట్టిన విద్యుత్తు తన్ను పుట్టించిన కదలికకే ఎదురు నిలుచునని 1834లో లెంజ్ చెప్పెను. తీగలు విడిగానున్నప్పుడు విద్యుత్తు ప్రవహించుటకు దారి లేదు గనుక ఎదురు లేదు. కలిపిన దారి ఏర్పడినది, ఎదురును ఏర్పడినది. మోటారును, విద్యుత్తు పుట్టించు డైనమోయును వేరువేరు జాతులు కావు. 1873లో వియెన్నా నగర ప్రదర్శనమున గ్రామ్ అను శాస్త్రజ్ఞుని డైనమోలు రెంటిని తీగలతో కలిపి, ఒకదానిని త్రిప్పగా రెండవది మోటారువలె తిరిగినట్లు చూపిరి. విద్యుత్తు లోనికి పోయిన మోటారు, వెలుపలికి వచ్చిన డైనమో. డైనమోగా పనిచేయు ప్రతి మోటారును తన్ను తిప్పుదానికి బ్రేకు అగును.

ఇందులోని గొప్ప సౌకర్యము ఏమనగా, ఈ బ్రేకు మన మాట వినును. తీగలను నేరుగా కలిపిన గట్టిగా ఆపును. నడుమ ఒక చిన్న దీపము పెట్టిన కొంచెము ఆపును. దీపములు ఒక్కటొక్కటిగా చేర్చినచో ఆపుబలము మెట్లుమెట్లుగా పెరుగును. కర్మాగారమున పరీక్షింపవలసిన మోటారు ఇరుసును కప్లింగుతో ఒక డి.సి. యంత్రము ఇరుసునకు కలుపుదురు. డి.సి. యంత్రమున పుట్టిన విద్యుత్తును నిరోధక తీగల పెట్టెలోనికి పంపుదురు. ఆ యంత్రపు అయస్కాంతచుట్టలకు వేరుగా కొద్ది విద్యుత్తు నిత్తురు. ఆ కొద్ది విద్యుత్తును ఒక చిన్న మరతో హెచ్చించిన బరువు హెచ్చును, తగ్గించిన తగ్గును. త్రాడు బిగింపవలసిన పనిలేదు. నీరు పోయవలసిన పనిలేదు. వ్రేలి కొనతో ఐదు అశ్వశక్తులను ఆపవచ్చును, గంటల తరబడి కదలకుండ నిలుపవచ్చును.

బలమును కొలుచుట ఎట్లు? డి.సి. యంత్రపు శరీరమును నేలకు బిగింపక, రెండు బేరింగులపై ఊయలవలె వ్రేలాడనిత్తురు. లోపలి రోటరును అది ఎంత బలముతో ఆపునో, అంత బలముతో దాని శరీరము తానును తిరుగజూచును. శరీరమునకు ఒక చేయి అమర్చి, చేతి కొనను త్రాసుపై ఉంచుదురు. ఐదు అశ్వశక్తుల మోటారు 1440 చుట్లతో నిండు బరువు మోయుచున్నప్పుడు, అర మీటరు పొడవుగల చేయి కొనయందు త్రాసు సుమారు 5 కిలోలు చూపవలెను. చూపిన మోటారు మాట నిలుపుకొన్నది. 4 కిలోలకే చెమటపట్టి వేగము తప్పిన, పలకపై ఏమి వ్రాసియున్నను అది నాలుగు అశ్వశక్తుల మోటారే. కూరగాయల అంగడిలో త్రాసు ఎట్టిదో, మోటారు అంగడిలో ఈ బ్రేకు అట్టిది.

డి.సి. యంత్రము ఖరీదైనది. దాని బ్రష్షులు అరుగును. నేడు దానికి బదులుగా సామాన్యపు మోటారునే బ్రేకుగా వాడు పద్ధతి వచ్చినది. ఒకే రకపు రెండు మోటార్లను ఎదురెదురుగ నిలిపి ఇరుసులు కలుపుడు. మొదటిదానికి 50 సైకిళ్ల విద్యుత్తు నిండు. దాని క్షేత్రము 1500 చుట్లు తిరుగును. రెండవదానికి డ్రైవు అను ఎలక్ట్రానిక్ పెట్టెద్వారా, వోల్టేజిని తగిన పాళ్లలో తగ్గించుచు, 48 సైకిళ్లు నిండు. దాని క్షేత్రము 1440 చుట్లే తిరుగును. రెండును ఒకే ఇరుసుపై నున్నవి గనుక నడుమదారిన సుమారు 1470 చుట్లు తిరుగును. మొదటిది తన క్షేత్రముకంటె 30 చుట్లు వెనుకబడి మోటారుగా లాగును. రెండవది తన క్షేత్రముకంటె 30 చుట్లు ముందుగా తరుమబడి డైనమోయై ఎదురు నిలుచును. నిండు బరువుకు 60 చుట్ల వెనుకబాటు అని ముందు చెప్పితిమి. కావున ఇది సగము బరువు. 49 సైకిళ్లు ఇచ్చిన సుమారు పావు బరువు. 46 సైకిళ్లు ఇచ్చిన నిండు బరువు. 50 సైకిళ్లే ఇచ్చిన ఇద్దరును కలిసి నడచు మిత్రులు, బరువే లేదు. ఒక్క అంకెను మార్చుటచేత బరువు మారుచున్నది. ఎనిమిదవ తరగతి పిల్లవాడు తీసివేత లెక్కతో దీనిని గ్రహింపగలడు.

ఇక రెండవ మోటారున పుట్టిన విద్యుత్తు ఏమగును? మొదటి మార్గము, దానిని నిరోధక తీగలలో వేడిగా పోగొట్టుట. రెండవ మార్గము, దానిని తిరిగి పరీక్షాశాల తీగలలోనికే పంపుట. సామాన్యపు డ్రైవు పెట్టెలు విద్యుత్తును ఇచ్చుటయే కాని పుచ్చుకొనుట ఎరుగవు. ఈ రెండు దారులలో ఒకటి అమర్పక బ్రేకుగా వాడినచో, లోపల వోల్టేజి పెరిగి పెట్టె తన్ను తాను ఆపుకొనును. ఈ పనికి దిగు యువకులు ముందుగా తెలిసికొనవలసిన జాగ్రత్త ఇది.

తిరిగి పంపుటలోని లాభమును లెక్కించి చూడుడు. నూటికి 85 పాళ్ల సామర్థ్యముగల ఐదు అశ్వశక్తుల మోటారు నిండు బరువున సుమారు 4.4 కిలోవాట్లు తీసికొనును. నాలుగు గంటల వేడిపరీక్షకు 17.6 యూనిట్లు. త్రాటి బ్రేకు ఐన అంతయు ఖర్చే. బ్రేకు మోటారుద్వారా తిరిగి పంపిన, నడుమ పోవు నష్టములు పోగా, గంటకు సుమారు 3 యూనిట్ల వంతున 12 యూనిట్లు తిరిగివచ్చును. నికరపు ఖర్చు ఐదున్నర యూనిట్లు మాత్రమే. రెండు డి.సి. యంత్రములను ఒకదానికొకటి బరువుగా కలిపి, నష్టములకు మాత్రమే బయటి విద్యుత్తు నిచ్చు ఉపాయమును జాన్ హాప్‌కిన్సన్ 1886లోనే చూపియుండెను. ఖర్చగునను సాకుతో నిండు బరువు పరీక్షను మానుకొనుటకు నేడు కారణము లేదు.

ఈ ఉపాయమునకును హద్దులు కలవు. కదలిక ఉన్నప్పుడే ఈ ఎదురు పుట్టును. కావున తీగలు కలుపుటచేతనే ఆపజూచు మోటారు వేగము తగ్గినకొలది బలహీనమగును. నిలిచిన ఇరుసును పట్టియుంచజాలదు. అందుచేతనే విద్యుత్ బ్రేకు ఉన్నను లిఫ్టులయందును రైళ్లయందును ఒరపిడి బ్రేకును తీసివేయరు. రెండవది, కొందరు చిన్న కర్మాగారములవారు బ్రేకు మోటారు స్టేటరులోనికి నేరుగా డి.సి. విద్యుత్తు నిచ్చి ఆపుదురు. ఆ డి.సి.ని హెచ్చుతగ్గులు చేసి బరువును మార్చవచ్చును. ఇది సులభమే. కాని ఇచ్చట శక్తి అంతయు ఆ మోటారు రోటరులోనే వేడిగా దిగును. క్షణకాలము ఆపుటకు మంచిది. గంటల పరీక్షకు వాడిన బ్రేకు మోటారే కాలిపోవును. ఇంకొక మాట, తిరుగు కప్లింగులపై గట్టి రేకుతొడుగు లేనిదే ఏ పరీక్షయు ప్రారంభింపరాదు. ఉత్తరీయపు అంచో, వదులైన చొక్కా చేయియో చిక్కుకొన్న ప్రాణాపాయము.

ఇదే సూత్రము మన పరీక్షాశాలల వెలుపలను మనకు సేవ చేయుచున్నది. 1929 ప్రాంతమున బొంబాయి వెనుక ఘాట్లలో ప్రవేశపెట్టిన ఎలక్ట్రిక్ రైలు ఇంజనులు, వాటి ఆకారముచే మొసళ్లని పేరుపడినవి, కొండ దిగునప్పుడు తమ మోటార్లనే డైనమోలుగా మార్చి బండిని ఆపుచు, విద్యుత్తును తీగలకు తిరిగి ఇచ్చెడివి. ఆంధ్రదేశమున బైలదిల్లా ఇనుపఖనిజముతో నిండిన బండ్లు అరకు, అనంతగిరి కొండలనుండి విశాఖపట్టణపు తీరమునకు దిగునప్పుడు, ఇంజను మోటార్లే వేలాది టన్నుల బరువును నిలువరించును. నేడు మన వీధులలో తిరుగు విద్యుత్ స్కూటర్లు పెక్కింట, బండి వేగము తగ్గించునప్పుడు మోటారే బ్రేకై కొంత విద్యుత్తును బ్యాటరీకి మరల చేర్చును. మీ బిడ్డ స్కూటరుపై పోవుచు ఈ సంగతి మీకు వివరింపగలిగిన, నేటి మా ప్రసంగము సఫలమే.

రైతు మాటకు తిరిగి వత్తము. ఈ రాష్ట్రమున వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితముగ లభించుచున్నది. కావున మోటారు ఎక్కువ విద్యుత్తు తాగిన తనకేమి యని రైతు తలచును. కాని ఆ భారము ఎవరో ఒకరు మోయవలసినదే. అంతకంటె ముఖ్యముగా, నూరు అడుగుల బావులు పోయి వేయి అడుగుల బోర్లు వచ్చిన ఈ కాలమున, లోతున దించిన మోటారు కాలిపోయిన దానిని పైకి తీయుటయే పెద్ద ఖర్చు. నీరు అందని పది దినములలో పంట పోవును. పలకపై వ్రాసిన అంకె నిజమో కాదో రైతు తన కంటితో చూడజాలడు. అతని తరఫున చూడవలసినది పరీక్షాబల్ల ముందు నిలిచిన మనిషి. పంపుసెట్లకు భారతీయ ప్రమాణములు కలవు. కోయంబత్తూరున పంపు తయారీదారుల సంఘము నెలకొల్పిన సీటార్క్ పరీక్షాకేంద్రమును కలదు. ఐనను ప్రమాణపత్రము ఎంత మంచిదైనను, బల్లవద్ద నున్నవాడు నిండు బరువు మోపక ముద్ర వేసినచో అది కాగితమే. ఆ బల్లవద్ద రేపు నిలుచువారు మీ పిల్లలే. ఈ ప్రాంతపు ఇండ్లలో మోటారు పనితో సంబంధము లేని కుటుంబములు తక్కువ గదా.

తలిదండ్రులారా, చివరగా ఒక మాట. "తెలుగు చదివి మా బిడ్డ కర్మాగారమున ఏమి చేయగలడు?" అని మీలో కొందరు మమ్ము అడిగియున్నారు. ఈ రాష్ట్రమున బ్రతుకువారికి తమిళము రావలెను. పై చదువులకు ఆంగ్లము రావలెను. ఆ రెంటిని మన పిల్లలు శ్రద్ధతో నేర్వవలసినదే. కాని నేడు మేము ఇంచుమించు గంటసేపు చెప్పినదంతయు మీ ఇంటిలో వినబడు తెలుగు మాటలతోనే చెప్పితిమి. బావి చేంతాడు, కపిల ఎద్దులు, అంగడి త్రాసు, వీనితోనే మోటారు బ్రేకు మనకు అర్థమైనది. ముందు తన ఇంటి మాటతో విషయమును పట్టుకొన్న పిల్లవాడు దానిని పిమ్మట ఏ భాషలోనైనను చెప్పగలడు. పట్టుకొనక పదములు మాత్రము కంఠస్థము చేసినవాడు, ఊరక తిరిగిన మా మోటారువంటివాడు. శబ్దము లేదు, వేడి లేదు, చూచుటకు చక్కగా ఉండును. పని పడిన దినమున తెలియును.

అట్లని పిల్లలపై ఒకేసారి నిండు బరువు మోపుడని మేము చెప్పుటలేదు. మంచి పరీక్షకుడు ఎన్నడును అట్లు చేయడు. పావుతో మొదలిడి, వేడి చూచుచు, నిలుకడపడిన పిమ్మట మరియొక మెట్టు ఎక్కించును. బరువు తీసివేయుటయు అతని చేతిలోనే ఉండును.

కార్యవర్గమువారికి మాదొక విన్నపము. పాఠశాల ప్రయోగశాలలో రెండు చిన్న బ్యాటరీ మోటార్లు, ఒక కప్లింగు, నాలుగు చిన్న దీపములు, ఒక స్ప్రింగు త్రాసు అమర్పించుడు. ఖర్చు స్వల్పము. మేము వచ్చి అమర్చి, పిల్లలచేతనే మొదటి కొలత తీయింతుము. ఆనాడు ఒక బాలుడో బాలికయో దీపములు ఒక్కటొక్కటిగా చేర్చుచు, "ఇప్పుడు దీనిచేత పని చేయించి చూచితిమి" అని చెప్పినచో, ఆ పెద్దమనిషికి మేము బాకీపడిన సమాధానము తీరినట్లే.